అంకె వెనుక ప్రవాహం: స్పంద విద్యుత్తు కొలత చరిత్రలో ఆదిత్యపూర్

కొలత అనేది కేవలం వ్యాపారానికి చెందిన విషయం కాదు. అది పాలనకూ, న్యాయానికీ కూడా చెందినది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూకపు రాళ్లను, కొలపాత్రలను పర్యవేక్షించే పౌతవాధ్యక్షుడనే అధికారి ప్రస్తావన ఉంది. నాలుగు నెలలకొకసారి వాటిని సరిచూసి ముద్ర వేయించాలని ఆ గ్రంథం విధించింది. తెలుగు పల్లెల్లో సోల, మానిక, కుంచం వాడుకలో ఉన్న కాలంలో సైతం వివాదం పాత్ర పరిమాణం మీద మాత్రమే వచ్చేది కాదు. ధాన్యాన్ని పాత్ర అంచుకు సమంగా గీసి కొలవాలా, గోపురంగా పోసి కొలవాలా అన్నదీ ప్రశ్నే. పాత్ర ఒకటే, ధాన్యం ఒకటే. కొలిచే పద్ధతి మారితే కౌలుదారు ఇంటికి చేరే గింజల లెక్క మారిపోయేది.

విద్యుత్తును కొలవడం మొదలైన తర్వాత ఇదే ప్రశ్న మరొక రూపంలో తలెత్తింది. బ్యాటరీ నుంచి నిలకడగా ప్రవహించే విద్యుత్తును కొలవడంలో పెద్ద చిక్కు లేదు. ఏ మంచి అమ్మీటరు పెట్టినా దాదాపు ఒకే విలువ కనిపిస్తుంది. కాని ప్రవాహం ఆగుతూ, సాగుతూ, క్షణంలో ఎగసి మరుక్షణంలో పడిపోతూ ఉంటే దానిని ఒక్క అంకెలో చెప్పడం ఎట్లా? శిఖరాన్ని చెప్పాలా, సగటును చెప్పాలా, అది పుట్టించే వేడిని బట్టి చెప్పాలా? భౌతికశాస్త్ర గ్రంథాలు ఇట్టి ప్రవాహాన్ని స్పంద విద్యుత్తు అని వ్యవహరిస్తాయి. దానిని కొలిచి, చదువదగిన అంకెగా చూపడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర దాదాపు రెండు శతాబ్దాలది. ఆ చరిత్ర ఫలితాలన్నీ ఒకేచోట, ప్రతిదినమూ పనిలో కనిపించే ప్రదేశాలలో ఆదిత్యపూర్ ఒకటి.

ఖర్కాయి ఆవలి ఒడ్డు

జార్ఖండ్ రాష్ట్రంలో ఖర్కాయి నదికి ఒక దరిని జంషెడ్‌పూర్, రెండవ దరిని ఆదిత్యపూర్ ఉన్నాయి. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912 ఫిబ్రవరిలో సాక్చీ గ్రామంలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో ఆ గ్రామానికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. నదికి ఆవలి నేల ఛౌ నృత్యానికి ప్రసిద్ధి చెందిన సరాయికేలా సంస్థానానిది. 1948లో ఆ సంస్థానం మొదట ఒరిస్సాలోను, అదే సంవత్సరం మే నెలలో బీహారులోను చేరింది. 2000 నవంబరులో జార్ఖండ్ ఏర్పడింది. 2001లో సరాయికేలా ఖర్సవాన్ జిల్లా ఏర్పడినప్పుడు ఆదిత్యపూర్ అందులో భాగమైంది.

ఉక్కు కర్మాగారం, 1945లో ఆవిర్భవించి తర్వాత టాటా మోటార్స్‌గా మారిన వాహన కర్మాగారం జంషెడ్‌పూర్‌లో ఉన్నాయి. వాటికి కావలసిన పోత భాగాలు, ఇరుసులు, చట్రాల ముక్కలు, బోల్టులు, పనిముట్లు తయారుచేసే చిన్న, మధ్యతరహా పరిశ్రమలు నదికి ఇవతల వెలిశాయి. బీహారు పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి ప్రాధికార సంస్థల చట్టం 1974లో వచ్చింది. దాని కింద సాగిన ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతం క్రమంగా వెయ్యికి పైగా పరిశ్రమలకు నెలవైంది. 1960లో నెలకొన్న ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థ ఇక్కడే ఉంది. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారింది. కాండ్రా వెళ్లే దారిలో, గమ్హరియాలో, భారత డెన్మార్క్ ప్రభుత్వాల సహకారంతో ఏర్పడిన ఇండో డేనిష్ టూల్ రూం అచ్చుల తయారీలో యువకులకు శిక్షణ ఇస్తున్నది.

ఈ ప్రాంతంతో తెలుగువారి అనుబంధం కూడా పాతదే. ఉద్యోగాలకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరాన్ని నిలుపుకొన్నాయి. 1950 నవంబరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలకు 1992 నుంచి 2002 వరకు సంచాలకుడుగా పనిచేసిన పి. రామచంద్రరావు కృష్ణా జిల్లా కవుతరంలో జన్మించిన లోహశాస్త్రవేత్త. లోహాన్ని కరిగించేవారికీ, దాని గుణాలను పరిశీలించేవారికీ, దానికి రూపమిచ్చేవారికీ విద్యుత్తు ఉమ్మడి పనిముట్టు. ఈ పనిముట్టు వారి చేతికి వచ్చేది చాలా సందర్భాలలో స్పందాల రూపంలోనే.

ఇండక్షన్ ఫర్నేసునే తీసుకోవచ్చు. ఇనుప తుక్కును కరిగించే ఈ కొలిమికి సరఫరా తీగల నుంచి వచ్చే ఏకాంతర విద్యుత్తును ముందుగా ఏకముఖ విద్యుత్తుగా మారుస్తారు. తిరిగి దానిని వందల, వేల ఆవృత్తుల ఏకాంతర విద్యుత్తుగా మార్చి కొలిమి చుట్టలోకి పంపుతారు. సామాన్యమైన మూడు ఫేజుల పరికరంలో ఈ తొలి మార్పిడి ప్రతి ఆవర్తంలోను ఆరు స్పందాలుగా జరుగుతుంది. అందుకే దానిని ఆరు స్పందాల రెక్టిఫయర్ అంటారు. అచ్చుల తయారీలో వాడే స్పార్క్ యంత్రంలో మైక్రోసెకండ్లలో లెక్కించదగిన స్పందాలు ఒక్కొక్కటి ఒక్కొక్క నిప్పురవ్వగా మారి, గట్టి ఉక్కును కణకణంగా తొలిచివేస్తాయి. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలైన లజరెంకో దంపతులు ఈ విధానానికి పునాది వేశారు. రేకులను అతికించే స్పాట్ వెల్డింగులోను, కొన్ని రకాల ఆర్క్ వెల్డింగులోను, లోహపు పూతలోను పని జరిగేది స్పందాలతోనే.

ఒకే ప్రవాహం, నాలుగు అంకెలు

సమస్య ఎక్కడున్నదో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక తీగలో 100 ఆంపియర్ల ప్రవాహం కాలంలో నాలుగవ వంతు మాత్రమే సాగి, మిగిలిన మూడు వంతుల కాలం పూర్తిగా ఆగిపోతున్నదని అనుకుందాం. దీని శిఖర విలువ 100 ఆంపియర్లు. సగటు విలువ 25 ఆంపియర్లు. ఇది తీగలో పుట్టించే వేడిని నిలకడగా ప్రవహించే విద్యుత్తుతో పోల్చి చూస్తే 50 ఆంపియర్లకు సమానం. వేడి ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక ఈ విలువను వర్గాల సగటుకు వర్గమూలం తీసి కనుగొంటారు. ఇంజనీర్లు దీనినే ఆర్.ఎం.ఎస్. విలువ అంటారు. ప్రవాహంలోని స్థిరమైన భాగాన్ని వదిలివేసి మారే భాగాన్ని మాత్రమే గ్రహించే ఆర్.ఎం.ఎస్. మీటరును అదే తీగకు తగిలిస్తే అది సుమారు 43.3 ఆంపియర్లు చూపుతుంది.

ఈ నాలుగు అంకెలలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం. పూత తొట్టిలో ఎంత లోహం పేరుకొంటుందో తెలియాలంటే సగటు కావాలి. ఫ్యూజు కాలుతుందా, కేబుల్ వేడెక్కుతుందా అన్నది తెలియాలంటే ఆర్.ఎం.ఎస్. విలువ కావాలి. ట్రాన్సిస్టరు వంటి అర్ధవాహక సాధనం తట్టుకొంటుందా, ట్రాన్స్‌ఫార్మరు ఇనుము సంతృప్తమవుతుందా అన్నది తెలియాలంటే శిఖర విలువ కావాలి. మీటరులో 25 అని చూసి సన్నని కేబుల్ వేసిన కర్మాగారంలో ఆ కేబుల్ 50 ఆంపియర్ల వేడితో ఉంటుంది. తీగకు మీటరు మీది అంకెతో పనిలేదు. అది తనలో నుంచి పోయే ప్రవాహాన్ని బట్టే కాగుతుంది.

ముల్లు కాలం

ప్రవాహానికి మొదటి సాక్షి దిక్సూచి ముల్లు. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర అయస్కాంతపు ముల్లు పక్కకు తిరగడం గమనించాడు. ఆ ఏడే తీగను అనేక చుట్లుగా చుట్టి ముల్లు కదలికను పెంచే సాధనం వచ్చింది. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న మరుసటి సంవత్సరం, పారిస్‌లో పిక్సీ చేతితో తిప్పే జనరేటరును తయారుచేశాడు. దానికి ఆంపియర్ సూచన మేరకు ప్రవాహ దిశను సరిచేసే ఏర్పాటు జోడించగా, ఒకే దిశలో పొంగుతూ తగ్గుతూ సాగే విద్యుత్తు లభించింది. యంత్రం పుట్టించిన ఏకముఖ విద్యుత్తు ఆ విధంగా తొలినాటనే స్పంద విద్యుత్తు.

భారతదేశంలో ఈ స్పందాలు వార్తలుగా పయనించాయి. 1839లో కలకత్తాలో టెలిగ్రాఫ్ ప్రయోగాలు చేసిన ఓషాగ్నెస్సీ ఆధ్వర్యంలో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య తొలి లైను వెలసి, 1851లో పనిచేయసాగింది. టెలిగ్రాఫ్ ఉద్యోగికి ప్రవాహం ఎంతో అవసరం లేదు. అది వచ్చిందా, ఆగిందా, ఎంతసేపు ఉన్నది అన్నవి చాలు. అయితే దీపాలు, మోటార్లు వచ్చాక ఎంత అన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఈ ప్రశ్నకు మూడు మార్గాలలో మూడు సమాధానాలు దొరికాయి. మొదటిది రసాయన మార్గం. ఫారడే 1833, 1834 సంవత్సరాలలో వెల్లడించిన సూత్రాల ప్రకారం ద్రావణంలో పేరుకొనే లోహం మొత్తం ప్రవహించిన విద్యుదావేశానికి అనుపాతంలో ఉంటుంది. స్పందాల ఆకారంతో దానికి నిమిత్తం లేదు. 1893లో చికాగోలో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ సదస్సు ఆంపియర్‌ను ఈ మార్గంలోనే నిర్వచించింది. సెకనుకు 0.001118 గ్రాముల వెండిని నిక్షేపించే ప్రవాహం ఒక ఆంపియర్ అయింది. రెండవది ఉష్ణ మార్గం. ప్రవాహం పుట్టించే వేడి దాని వర్గానికి అనుపాతంలో ఉంటుందని జౌల్ 1840 ప్రాంతంలో నిరూపించాడు. వేడెక్కి సాగే సన్నని తీగ ఆధారంగా 1880లలో వచ్చిన మీటర్లు స్పందాల ఆకారం ఏదైనా ఆర్.ఎం.ఎస్. విలువనే చూపేవి. మూడవది అయస్కాంత మార్గం. 1882లో దార్సన్‌వాల్, డెప్రే రూపొందించిన కదిలే తీగచుట్ట గాల్వనామీటరును 1888లో వెస్టన్ ఎక్కడికైనా తీసుకుపోదగిన, నమ్మదగిన పరికరంగా తీర్చాడు. ప్రయోగశాలల నుంచి కర్మాగారాల దాకా అందరికీ పరిచయమైన ముల్లు మీటరు ఇదే.

ఈ ముల్లు మీటరు స్వభావాన్ని గుర్తించడం అవసరం. దాని చుట్టకు, ముల్లుకు బరువు ఉంది. వేగంగా వచ్చిపోయే ప్రతి స్పందాన్నీ అది అనుసరించలేదు. అందువల్ల అన్నింటి సగటు దగ్గర నిలిచిపోతుంది. సగటును లెక్కించేది గణితం కాదు, ముల్లు జడత్వమే. ఏకాంతర విద్యుత్తును కొలవడానికి దీనికి రెక్టిఫయర్ జోడించి, సగటును 1.11తో గుణించిన విలువలను స్కేలు మీద ముద్రించారు. సున్నితమైన సైన్ తరంగానికి సగటు, ఆర్.ఎం.ఎస్. విలువల నిష్పత్తి అంతే కనుక సైన్ తరంగం ఉన్నంతకాలం ఆ స్కేలు నిజమే చెప్పింది. ప్రవాహం స్పందాలుగా చీలినప్పుడు ఆ నిష్పత్తి చెల్లదు. అయినా స్కేలు మీది అంకెలు మాత్రం మారలేదు.

స్పందం అసలు రూపాన్ని కంటితో చూడగలగడం పంతొమ్మిదవ శతాబ్దం చివరలో సాధ్యమైంది. 1893లో ఫ్రాన్స్‌లో బ్లాండెల్ ఆసిలోగ్రాఫ్ భావనను ముందుకు తెచ్చాడు. 1897లో ఇంగ్లండులో డడెల్ దానిని పనికివచ్చే సాధనంగా నిర్మించాడు. అదే ఏడు జర్మనీలో బ్రౌన్ కాథోడ్ కిరణ గొట్టాన్ని రూపొందించాడు. అప్పటి నుంచి రెండు చూపులు వేరయ్యాయి. ప్రయోగశాలలోని శాస్త్రవేత్త ప్రవాహపు ఆకారాన్ని చూడగలిగాడు. కర్మాగారంలోని పనివాడికి, ఇంటిలోని వినియోగదారుకు ఒక్క అంకె మాత్రమే మిగిలింది.

ఆ అంకె కూడా మొదట అందరికీ అందలేదు. 1882లో న్యూయార్క్‌లో విద్యుత్ సరఫరా ప్రారంభించిన ఎడిసన్ సంస్థ వాడిన రసాయన మీటరులో జింకు పలకలు ఉండేవి. ఉద్యోగులు వాటిని నెలకొకసారి తీసుకుపోయి తూకం వేసి బిల్లు కట్టేవారు. ఎంత వాడినదీ ఇంటివాడు స్వయంగా చదువుకొనే వీలు లేదు. 1889లో హంగేరీలో బ్లాథీ రూపొందించిన ప్రేరణ మీటరు, దాని తరువాతి రూపాలు తిరిగే పళ్లెం పక్కనే లెక్కచూపే చక్రాలను అమర్చి ఈ లోటు తీర్చాయి. కొలత ఫలితాన్ని డబ్బు చెల్లించేవాడి కంటి ఎదుట ప్రదర్శించడం సాంకేతిక సౌకర్యం మాత్రమే కాదు, అది ఒక హక్కు.

లెక్కించే మీటరు

డిజిటల్ మీటరు పుట్టుకకు మూలం విద్యుత్ పరిశ్రమలో కంటే అణుభౌతిక ప్రయోగశాలలో ఎక్కువగా కనిపిస్తుంది. రేడియోధార్మిక కణాలు గుర్తింపు సాధనంలో పుట్టించే స్పందాలు చేతితో లెక్కించలేనంత వేగంగా వస్తాయి. వాటిని రెండేసి చొప్పున తగ్గిస్తూ లెక్కించే ఎలక్ట్రానిక్ వలయాన్ని 1930ల ఆరంభంలో కేంబ్రిడ్జ్‌లో విన్ విలియమ్స్ తయారుచేశాడు. స్పందాలను లెక్కించడం చేతనైన తర్వాత, కొలవవలసిన రాశిని స్పందాల సంఖ్యగా మార్చితే చాలునన్న ఆలోచనకు దారి ఏర్పడింది. 1952లో అమెరికాలో ఆండ్రూ కే డిజిటల్ వోల్టుమీటరును రూపొందించాడు.

ఆ తర్వాత విరివిగా వాడుకలోకి వచ్చిన పద్ధతి సరళమైనది. కొలవవలసిన ప్రవాహాన్ని ముందుగా విలువ తెలిసిన అతి చిన్న నిరోధం గుండా పంపుతారు. ఆ నిరోధాన్ని షంట్ అంటారు. దాని రెండు కొనల మధ్య ఏర్పడే వోల్టేజి ఒక కెపాసిటరును నిర్ణీత కాలంపాటు నింపుతుంది. తర్వాత ఆ కెపాసిటరును తెలిసిన వోల్టేజితో ఖాళీ చేస్తూ, ఖాళీ కావడానికి పట్టిన కాలంలో గడియార స్పందాలను లెక్కిస్తారు. ఆ లెక్కే మీటరు మీద అంకెగా వెలుగుతుంది. నింపే కాలాన్ని 100 మిల్లీసెకండ్లుగా ఎంచుకొంటే అది 50 ఆవృత్తుల సరఫరాలో సరిగ్గా ఐదు ఆవర్తాలు. అప్పుడు సరఫరా తీగల నుంచి చొరబడే గోల సగటులో సున్నా అయిపోతుంది. ముల్లు తన బరువుతో చేసిన పనినే ఇక్కడ కెపాసిటరు చేస్తున్నది. రూపం మారినా ఇది సగటు మీటరే. ఆర్.ఎం.ఎస్. విలువను లెక్కగట్టే చిప్పులు 1970లలో వచ్చిన తర్వాతనే ఉష్ణ మార్గపు సమాధానం కూడా అంకెలలోకి అందుబాటుగా వచ్చింది.

స్వతంత్ర భారతం కొలతల విషయంలో పరాధీనంగా ఉండరాదని తొలినాళ్లలోనే గుర్తించింది. న్యూఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలకు 1947 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1950 జనవరిలో అది ప్రారంభమైంది. ఎలక్ట్రానిక్ పరికరాల నిర్మాణంలో స్వావలంబనకై 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని నిర్మాత అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించాడు. ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దిన అనుభవంతో ఆయన ఈ సంస్థకు పునాది వేశాడు. అణు వికిరణపు స్పందాలను లెక్కించే పరికరాలను స్వదేశంలోనే తయారుచేయవలసిన అవసరమే ఆ విభాగానికి, ఆపై ఆ సంస్థకు ఊపిరి. స్పందాన్ని అంకెగా మార్చే విద్యకు తెలుగునాట ఒక స్థిరమైన నెలవు ఆ విధంగా లభించింది.

కర్మశాలలో అంకె

డిజిటల్ మీటరు రాకతో చదవడంలో పొరపాట్లు తగ్గాయి. ముల్లును పక్క నుంచి చూసి ఒక గీత ఎక్కువగానో తక్కువగానో చదివే బాధ తప్పింది. కాని స్పంద విద్యుత్తు విషయంలో కొత్త చిక్కు వచ్చిపడింది. సెకనుకు రెండు స్పందాల చొప్పున, ఒక్కొక్కటి 125 మిల్లీసెకండ్లపాటు 100 ఆంపియర్లతో సాగే వెల్డింగు ప్రవాహాన్ని తీసుకోవచ్చు. 100 మిల్లీసెకండ్ల కాలానికి సగటు కట్టే మీటరు ఒకసారి పూర్తిగా స్పందం లోపల పడి 100 చూపుతుంది. మరొకసారి విరామంలో పడి సున్నా చూపుతుంది. మధ్యలో ఏదైనా చూపవచ్చు. ముల్లు మీటరైతే ఊగుతూ కనీసం ప్రవాహం నిలకడగా లేదని హెచ్చరించేది. డిజిటల్ అంకె ఏ క్షణానికి ఆ క్షణం దృఢంగా వెలుగుతూ, నిశ్చయంగా ఉన్నట్లు కనిపిస్తుంది.

దీనికి ఇంజనీర్లు కనుగొన్న పరిష్కారాలు మూడు విధాలు. అనేక స్పందాలు పూర్తిగా ఇమిడే దీర్ఘకాలానికి సగటు కట్టి చూపడం ఒకటి. స్పందంతో పాటే కొలతను ప్రారంభించి, శిఖరాన్ని ఒక అంకెగా, విరామ కాలపు కనిష్ఠ ప్రవాహాన్ని మరొక అంకెగా విడివిడిగా చూపడం రెండవది. వచ్చిన స్పందపు విలువను పట్టి ఉంచి, తర్వాతి స్పందం వచ్చేదాకా తెర మీద నిలపడం మూడవది. స్పాట్ వెల్డింగులో మూడవ పద్ధతి తప్పనిసరి. ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకులను అతికించడానికి 8,000 నుంచి 10,000 ఆంపియర్ల వరకు అవసరమయ్యే ప్రవాహం సెకనులో ఐదవ వంతు కాలంలో ముగిసిపోతుంది. అంత భారీ ప్రవాహాన్ని షంట్ గుండా పంపడం కష్టం. అందుచేత తీగ చుట్టూ ఇనుము లేని వలయాకారపు చుట్టను అమర్చుతారు. 1912లో జర్మన్ శాస్త్రవేత్త రొగోవ్‌స్కీ వివరించిన ఈ చుట్ట ప్రవాహాన్ని కాక, ప్రవాహం మారే వేగాన్ని గ్రహిస్తుంది. దానిని తిరిగి సమాకలనం చేస్తేనే ప్రవాహపు విలువ వస్తుంది.

ఇక్కడ అంకె తప్పితే కలిగే నష్టం చిన్నది కాదు. వెల్డింగు ప్రవాహం పది శాతం తగ్గితే అతుకులో పుట్టే వేడి పంతొమ్మిది శాతం తగ్గుతుంది. పైకి అతుకు అతుకుగానే కనిపిస్తుంది. దాని లోపం బయటపడేది రేకు నిత్యం అదిరే బండిలో చేరిన తర్వాతనే. స్పార్క్ యంత్రంలో వ్యవహారం వేరు. ముందున్న అమ్మీటరు చూపేది సగటు. తొలిచిన ఉపరితలం నునుపుగా ఉంటుందా, గరుకుగా ఉంటుందా అన్నది ఒక్కొక్క స్పందపు శక్తిని బట్టి నిర్ణయమవుతుంది. సగటు ఒకటే అయినా, పెద్ద స్పందాలు అరుదుగా పంపినప్పుడు ఒక రకపు అచ్చు, చిన్న స్పందాలు తరచుగా పంపినప్పుడు మరొక రకపు అచ్చు తయారవుతుంది. టూల్ రూంలో శిక్షణ పొందే యువకుడు మీటరు అంకెతో పాటు స్పందపు కాలాన్ని, విరామపు కాలాన్ని కూడా చదవడం నేర్చుకోవలసి వస్తుంది.

బిల్లులో అంకె

కర్మశాలలో తప్పిన అంకె వస్తువును చెరుపుతుంది. బిల్లులో తప్పిన అంకె నమ్మకాన్నే చెరుపుతుంది. విద్యుత్తే ప్రధాన వ్యయమైన పోత పరిశ్రమలకు ఇది మరింత వర్తిస్తుంది. ఆరు స్పందాల రెక్టిఫయర్ సరఫరా తీగల నుంచి తీసుకొనే ప్రవాహంలో మూల ఆవృత్తితో పాటు దానికి ఐదు, ఏడు, పదకొండు, పదమూడు రెట్ల ఆవృత్తులు కలిసి ఉంటాయి. రెక్టిఫయర్‌ను పన్నెండు స్పందాలదిగా నిర్మిస్తే ఐదవది, ఏడవది దాదాపు తొలగిపోతాయి. లేనిపక్షంలో అవి అదే లైను మీది పొరుగు కర్మాగారపు మోటార్లను కూడా వేడెక్కిస్తాయి. తిరిగే పళ్లెపు మీటరు ప్రధానంగా 50 ఆవృత్తుల సైన్ తరంగానికి రూపొందినది. స్పందాలతో నిండిన ప్రవాహాన్ని అది పూర్తిగా పట్టుకోలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ కదిలే భాగాలు లేని స్టాటిక్ మీటర్లకు 1999లో ఐ.ఎస్. 13779, ఐ.ఎస్. 14697 ప్రమాణాలను ప్రకటించింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నిబంధనలు కొత్త మీటర్లన్నీ స్టాటిక్ రకానివే కావాలని నిర్దేశించాయి. నేడు ప్రతి ఇంటి మీటరు మీద మినుకుమనే చిన్న ఎర్ర దీపం, యూనిట్‌కు ఇన్ని స్పందాలు అని ముద్రించిన సంఖ్య ఈ మార్పుకు గుర్తులు. మీటరును సరిచూసే ఉద్యోగి ఆ దీపపు మినుకులనే లెక్కించి ప్రామాణిక పరికరంతో పోల్చుతాడు.

స్టాటిక్ మీటరు కూడా ప్రశ్నకు అతీతం కాదని నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెల్లడైన ప్రయోగాలతో చూపారు. శక్తి పొదుపు దీపాలు, వాటి వెలుగు తగ్గించే సాధనాలు తీసుకొనే పదునైన స్పందాలను తొమ్మిది మీటర్లకు ఇచ్చి చూడగా, ఐదు మీటర్లు అసలు వినియోగం కంటే చాలా ఎక్కువ చూపాయి. ఒక సందర్భంలో ఆ తేడా 582 శాతం వరకు వెళ్లింది. మరి రెండు మీటర్లు సుమారు 30 శాతం తక్కువ చూపాయి. ఎక్కువ చూపినవాటిలో రొగోవ్‌స్కీ చుట్టలు ఉండగా, తక్కువ చూపినవాటిలో అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా గ్రహించే హాల్ సాధనాలు ఉన్నాయి. ఈ మీటర్లు అప్పటి పరీక్షలలో నెగ్గినవే. ఆ పరీక్షలు సున్నితమైన తరంగాలతో జరిగాయి. ఇళ్లలోకి మాత్రం పదునైన స్పందాలు వచ్చి చేరాయి. మీటరు తన ప్రమాణాన్ని తప్పలేదు. ప్రమాణమే కాలం కంటే ఒక అడుగు వెనుకబడింది.

అంకెతో పాటు అర్థం

ఆంపియర్ నిర్వచనం కూడా కాలంతో మారుతూ వచ్చింది. వెండి నిక్షేపం స్థానంలో 1948లో రెండు తీగల మధ్య ఏర్పడే బలం వచ్చింది. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశపు స్థిర విలువ ఆధారమైంది. ఒక సెకనులో ఎన్ని ఎలక్ట్రాన్లు దాటినవన్నదే నేడు ప్రవాహానికి మూలార్థం. ఒక విధంగా చూస్తే కొలత మళ్లీ లెక్కించడం దగ్గరకే చేరుకొన్నది. ప్రమాణం ఇంత సూక్ష్మమైనా, దాని నుంచి కర్మశాల మీటరు దాకా వచ్చే దారిలో ప్రతి మజిలీలోను ఒక మానవ నిర్ణయం ఉంది. ఎంత కాలానికి సగటు కట్టాలి, ఏ విలువను చూపాలి, దేనిని వదిలివేయాలి అన్నవి ప్రకృతి నిర్ణయించేవి కావు.

అందుచేత స్పంద విద్యుత్తును చూపే మీటరు మీద అంకె ఒక్కటే ఉంటే చాలదు. అది సగటా, శిఖరమా, ఆర్.ఎం.ఎస్. విలువా అన్నది, ఎంత కాలానికి లెక్కగట్టినదన్నది దాని పక్కన ఉండాలి. మీటర్లు కొనేటప్పుడు రాసే వివరపత్రంలో ఈ రెండు పంక్తులు చేర్చడానికి అదనపు వ్యయం ఉండదు. కొలిమి, వెల్డింగు యంత్రం, పూత తొట్టి ఉన్న చోట మీటర్లను సరిచూసే పరీక్ష ఆ యంత్రాలు నిజంగా తీసుకొనే ప్రవాహంతోనే జరగాలి. నాలుగు నెలలకొకసారి తూకపు రాళ్లను సరిచూడమన్న పాతకాలపు విధికి నేటి అర్థం ఇదే. ఆ రాళ్లు అరిగేవి కనుక అప్పటి అధికారి వాటి బరువు చూసేవాడు. ఇప్పటి మీటరు అరగదు. అది కొలిచే ప్రవాహం మారిపోతుంది.

ఖర్కాయి ఒడ్డున కొలిమి ముందు నిలిచే పనివాడు కరిగే లోహపు రంగును చూసి వేడిని అంచనా కట్టగలడు. ప్రవాహాన్ని మాత్రం అతడు చూడలేడు. తన కంటికి అందని దానిని మీటరు మీది అంకె ద్వారానే తెలుసుకొంటాడు. ఆ అంకె ఏ ప్రశ్నకు సమాధానమో అతనికి తెలియజెప్పినప్పుడే ఆ కొలత అతనిది కూడా అవుతుంది.